తిరిగొచ్చేవి, తిరిగొచ్చినట్టు కనిపించేవి

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడిన వాళ్లు వచ్చి కూర్చోండి. ఇందాక పరిచయం చేసినాయన నన్ను ప్రొఫెసర్ అన్నారు. లెక్చరర్‌గా చేరి లెక్చరర్‌గానే రిటైరైన వాణ్ణి నేను. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పాను. వాళ్లలో సగం మంది హాయిగా నిద్రపోయేవాళ్లు. మీరు టీ వచ్చేదాకా ఓపిక పట్టండి.

ప్రకృతిలోనూ మనుషుల పనుల్లోనూ తిరిగి తిరిగి వచ్చేవాటి గురించి మాట్లాడమన్నారు. పగలూ రాత్రీ దగ్గర మొదలుపెట్టి యుగాల దాకా పోవచ్చు. అంత దూరం నేను పోలేను. మా మేనల్లుడు నన్ను అడిగిన ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మధ్యలో లండన్, మాస్కో చూసి మళ్లీ పుంగనూరు దగ్గరికే వద్దాం.

మా అక్క కొడుకు పుంగనూరు పక్కన పల్లెలో సేద్యం చేస్తాడు. 2023లో టమోటా రేటు ఎట్లా ఎక్కిందో గుర్తుందా? జూలై ఆఖరుకు మదనపల్లె మార్కెట్లో మొదటి రకం కిలో 200 దగ్గరికి పోయింది. టమోటా తోటకు రాత్రిపూట కాపలా పడుకున్న రోజులవి! మావాడు జూలై మొదట్లోనే ఎగబడి నర్సరీకి పోయాడు. నారు లేదన్నారు. బతిమాలి, ఎక్కువ డబ్బిచ్చి, ఎకరంన్నరకు తెచ్చి నాటాడు. కట్టెలు పాతి, పురికొసలు కట్టి, మందులు కొట్టి, బిడ్డను సాకినట్టు సాకాడు. సెప్టెంబరు నడుమ కాయ తెగింది. అప్పటికి రేటు? కిలో 10 రూపాయల చుట్టూ తిరుగుతోంది. రెండు కోతలు మార్కెట్టుకు తోలాడు. మూడో కోతకు కూలీ, బాడుగ లెక్కేసుకుని, తోటలోకి ఆవుల్ని విడిచాడు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "మామా, నువ్వు లెక్కల సారు గదా, ఆ రేటు మళ్లీ ఎప్పుడొస్తాదో చెప్పు" అన్నాడు.

ఎప్పుడొస్తాది? మనమందరం అడిగేది ఇదే. వాన ఎప్పుడొస్తుంది, కరువు ఎప్పుడొస్తుంది, బంగారం ఎప్పుడు తగ్గుతుంది. నేను వాడికి వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చెప్పడానికే ఇవాళ ఇక్కడికొచ్చాను.

తప్పకుండా, తేదీ ప్రకారం తిరిగొచ్చేవి కొన్ని ఉన్నాయి. ముందు వాటి సంగతి చూద్దాం. తిరుపతి వాళ్లకు అధికమాసం గురించి వేరే చెప్పాలా? చంద్రుడి లెక్కన పన్నెండు నెలలంటే 354 రోజులు. సూర్యుడి లెక్కకు పదకొండు రోజులు తక్కువ. ఆ బాకీ పేరుకుని, పేరుకుని, ఇంచుమించు 32, 33 నెలలకొకసారి ఒక నెల అదనంగా కలుస్తుంది. అధికమాసం వచ్చిన ఏట కొండమీద బ్రహ్మోత్సవాలు రెండు. 2015లో రెండు, 2018లో రెండు, 2020లో రెండు, 2023లో రెండు. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. 19 ఏళ్లలో 235 చాంద్రమాసాలు పడతాయి, తేడా కొన్ని గంటలే. అందుకే అధిక ఆశ్వయుజం 2001లో వచ్చింది, మళ్లీ 2020లో వచ్చింది. అధిక శ్రావణం 2004లో, మళ్లీ 2023లో. అధిక జ్యేష్ఠం 2007, 2026. గడియారంలో ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది.

మా ఇంటి కింద బొమ్మల అంగడి ఆయనొకాయన ఉన్నాడు. పంచాంగం ఆయనకు నోటికొచ్చు. 2020లో రెండు బ్రహ్మోత్సవాలని ముందే తెలుసు కాబట్టి సరుకు రెండింతలు తెప్పించి పెట్టుకున్నాడు. అధికమాసం రావలసిన రోజుకే వచ్చింది. ఉత్సవాలూ రెండుసార్లు జరిగాయి. కానీ కరోనా వల్ల రెండూ ఏకాంతంగా, గుడి లోపలే. మాడవీధుల్లో మనిషి లేడు. పంచాంగంలో తప్పేమీ లేదు, చంద్రుడు ఒక్క గంట ఆలస్యం చేయలేదు. పాపం ఆయన ఆ బొమ్మలు 2022 దాకా అమ్ముకున్నాడు. తేదీ తిరిగొస్తే దాంతోపాటు వ్యాపారం కూడా తిరిగొస్తుందని అనుకున్నాడు. ఈ రెండూ వేరే వేరే చక్రాలు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ధాత కరువు, సూర్యుడి మీద మచ్చలు

ఇప్పుడు అరవై ఏళ్ల చక్రం. ప్రభవ నుంచి అక్షయ దాకా. గురుడు ఒక చుట్టు తిరగడానికి దాదాపు 12 ఏళ్లు, శనికి దాదాపు 30. ఐదు పన్నెండ్లు అరవై, రెండు ముప్పైలు అరవై. మన పెద్దవాళ్లు కరువులకు ఈ పేర్లే పెట్టారు. 1832 నాటి గుంటూరు కరువు నందన కరువు. 1876లో మొదలైంది ధాత కరువు. మా అవ్వ ఎవరైనా ఆబగా తింటుంటే "ధాత కరువులో పుట్టినట్టున్నాడే" అనేది. ఆమె పుట్టింది కూడా ఆ తర్వాత ఎంతో కాలానికి. మాట మాత్రం మిగిలింది.

మరి ధాత మళ్లీ వచ్చిందా? వచ్చింది. 1936లో వచ్చింది, 1996లో వచ్చింది. 1996 నవంబరులో మన రాష్ట్రంలో ఏం జరిగింది? కోనసీమ తుఫాను! కరువు పేరున్న సంవత్సరంలో గోదావరి జిల్లాలు నీళ్లలో మునిగాయి. పేరు అరవై ఏళ్లకు ఠంచనుగా తిరిగొచ్చింది గానీ కరువు దాని వెంట రాలేదు.

ఆ ధాత కరువులో మన చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్య పట్టణం. చిత్తూరు జిల్లా అని విడిగా ఏర్పడింది 1911లో. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిన పోయిన ప్రాణాలు యాభై లక్షలకు పైనే అని లెక్కలు. ఆ కరువు పనుల కిందే మద్రాసు ఊళ్లో ఉత్తరం కాలువనూ దక్షిణం కాలువనూ కలిపే ముక్క తవ్వారు. అదే బకింగ్‌హాం కాలువ. తడ వైపు పోయినప్పుడు దాన్ని చూసే ఉంటారు, ఇప్పుడు అది మన తిరుపతి జిల్లానే. రిచర్డ్ టెంపుల్ అని ఒక దొర వచ్చి, కరువు పనికొచ్చిన మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. పౌనంటే ఎంత? అరకిలో కూడా లేదు. ఆ గింజలు తిని రోజంతా మట్టి మొయ్యాలి.

సరిగ్గా అప్పుడే, 1877లో, విలియం హంటర్ అనే అధికారి ఒక సిద్ధాంతం తెచ్చాడు. ఈయన భారత ప్రభుత్వ గణాంకాల శాఖ పెద్ద. అంటే మా కులం వాడే! ఆయన చెప్పిందాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు జర్మనీలో ఒక మందుల షాపాయన గురించి తెలియాలి. ఆయన పేరు ష్వాబే, ఊరు డెస్సావు. బుధగ్రహం కంటే సూర్యుడికి దగ్గరగా ఇంకో గ్రహం ఏదైనా ఉందేమో, సూర్యుడి ముందుగా పోతుంటే పట్టుకుందామని 1826 నుంచి ఎండ కాసిన ప్రతిరోజూ దుర్భిణిలో సూర్యుడి మీద మచ్చలు లెక్కపెట్టాడు. పదిహేడేళ్లు! గ్రహం దొరకలేదు. మచ్చలు మాత్రం ఒక వరసలో పెరిగి తగ్గుతున్నాయని 1843లో గమనించాడు. ఆయన పదేళ్లన్నాడు. తర్వాతి లెక్కల్లో సగటున పదకొండని తేలింది. ఇది నిజమైన చక్రం. ఇవాళ్టికీ తిరుగుతూనే ఉంది.

హంటర్ ఏం చేశాడంటే, మద్రాసు వానల లెక్క తీసుకుని ఈ మచ్చల లెక్క పక్కన పెట్టాడు. మచ్చలు తక్కువైనప్పుడు వాన తక్కువైంది, కాబట్టి కరువు పదకొండేళ్లకొకసారి వస్తుందన్నాడు. ఆయన వెనకాలే ఇంగ్లండులో జెవన్స్ అనే పేరున్న ఆర్థికవేత్త ఇంకా ముందుకు పోయాడు. మచ్చలు మారితే ఇండియాలో పంట పోతుంది, పంట పోతే ఇక్కడి రైతు ఇంగ్లీషు గుడ్డ కొనలేడు, దాంతో ఇంగ్లండులో వ్యాపారం కూలుతుంది. చూశారా, లండన్ బ్యాంకు దివాలా తీస్తే కారణం సూర్యుడు! మధ్యలో ఉన్నది మన చిత్తూరు రైతు. తర్వాత మచ్చల చక్రం పదకొండు కంటే కాస్త తక్కువని ఎవరో అంటే ఆయన తన వ్యాపార చక్రాన్నీ దానికి సరిపడా కుదించాడు. మా స్టూడెంట్లు ప్రాక్టికల్ రికార్డులో చేసే పని ఇదే. ముందు ఆన్సర్ రాసుకుని తర్వాత రీడింగులు వేస్తారు.

నాకు ఈ కథలో కోపం తెప్పించేది వేరే ఉంది. కరువుకు కారణం సూర్యుడైతే, ఆ రెండేళ్లూ ఓడలకెక్కిన ధాన్యం సంగతి ఎవరు అడుగుతారు? పౌను కూలీ సంగతి ఎవరు అడుగుతారు? చక్రం మీదికి తోసేస్తే మనిషి తప్పించుకోవచ్చు. ఇది ఆనాటి దొరలకే కాదు, ఈనాటికీ పనికొచ్చే ఉపాయమే.

వాన సంగతి తేల్చిన మనిషి తర్వాత వచ్చాడు. గిల్బర్ట్ వాకర్, కేంబ్రిడ్జి లెక్కల మనిషి. 1904లో వచ్చి మన వాతావరణ శాఖ బాధ్యత తీసుకుని ఇరవై ఏళ్లున్నాడు. ప్రపంచమంతటి వాతావరణ లెక్కలూ తెప్పించి, ఒకదానితో ఒకటి కలిపి చూసి, పసిఫిక్ సముద్రానికి ఒక పక్క గాలి ఒత్తిడి పెరిగితే ఇంకో పక్క తగ్గుతుందని కనిపెట్టాడు. తక్కెడలాగా. పెరూ జాలరులు ఎల్ నినో అనే వేడినీళ్ల సంగతీ ఈ తక్కెడ సంగతీ ఒకటేనని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ధాత కరువు నాడు ఉన్నది చాలా పెద్ద ఎల్ నినో. మరి ఎల్ నినో ఎన్నేళ్లకొకసారి వస్తుంది? రెండేళ్లకు రావచ్చు, ఏడేళ్లకు రావచ్చు. తిరిగొస్తుంది గానీ తేదీ చెప్పదు.

పోనీ వచ్చిందని తెలిస్తే మనకేమవుతుందో తెలుసా? 2015లో ఎల్ నినో. ఎల్ నినో ఉంటే మనకు ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువ పడే వీలుందంటారు. నిజంగానే ఆ నవంబరులో చెరువులన్నీ మొరవ పోయాయి. సరే, రూలు దొరికిందనుకున్నాం. 2021లో లా నినా, అంటే తక్కెడ రెండో వైపు. ఈసారి తక్కువ పడాలి గదా? నవంబరులో ఏమైంది? మీ ఇళ్లలోకే వచ్చాయి నీళ్లు. కపిలతీర్థం దగ్గర మెట్లు కనపడలేదు. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. మా వీధిలో స్కూటర్లు తేలాయి, అందులో నాదొకటి. తక్కెడ ఒక్కటే కాదు మన వానను తిప్పేది, బంగాళాఖాతంలో ఏ వారం ఏ వాయుగుండం పుడుతుందో అదీ తిప్పుతుంది.

లాటరీలో అలలు

ఇప్పుడు మాస్కో పోదాం. నాకు ఇష్టమైన భాగం ఇది. 1920లలో అక్కడ ఆర్థిక పరిస్థితులను పరిశీలించే సంస్థ ఒకటి ఉండేది. దాని పెద్ద కోంద్రాత్యెవ్. ధరలు, వ్యాపారం యాభై అరవై ఏళ్ల పెద్ద అలల్లో పోతాయన్నాడు. పాపం, స్టాలిన్ కాలంలో 1938లో కాల్చి చంపారాయన్ని. అదే సంస్థలో స్లుట్‌స్కీ అని ఇంకొకాయన పని చేసేవాడు. ఈయన 1927లో ఒక చిలిపి పని చేశాడు. ప్రభుత్వ లాటరీలో గెలిచిన నంబర్లు తీసుకున్నాడు. వాటి చివరి అంకెలను వరసగా రాసి, పదేసి అంకెలను కలుపుకుంటూ పోయాడు. మొదటి పది, తర్వాత రెండో అంకె నుంచి పదకొండో అంకె దాకా, ఆ తర్వాత మూడు నుంచి పన్నెండు. గ్రాఫు గీశాడు. ఏం వచ్చింది? అలలు! కొండ, లోయ, కొండ, లోయ. దాన్ని 1855 నుంచి 1877 దాకా ఇంగ్లండు వ్యాపారం గ్రాఫు పక్కన పెడితే రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. జెవన్స్ సూర్యుడి దాకా పోయి వెతికిన అలలు లాటరీ అంకెల్లోంచి ఊడిపడ్డాయి.

దీన్ని నేను ఏటా క్లాసులో చేయించేవాణ్ణి. రూపాయి బిళ్ళ ఎగరేయండి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే సున్నా. రెండు వందల సార్లు. పదేసి కలిపి గ్రాఫు గీయండి. ఒక సంవత్సరం ఒకబ్బాయి, చంద్రగిరి నుంచి బస్సులో వచ్చేవాడు, గ్రాఫు తీసుకుని స్టాఫ్‌రూంకు పరిగెత్తుకొచ్చాడు. "సార్, నా బిళ్ళకు పధ్నాలుగు ఎగరేతలకొక చక్రం ఉంది" అన్నాడు. చూస్తే నిజంగానే ఉంది! మూడు శిఖరాలు, వరసగా పధ్నాలుగు అంగల దూరంలో, ఎర్ర స్కెచ్ పెన్నుతో చుట్టి పెట్టాడు. నాలుగోది ఎక్కడ పడుతుందో చెప్పమన్నాను. ధైర్యంగా చెప్పాడు. టీ పందెం. స్టాఫ్‌రూం బల్లమీదే ఎగరేశాం. నాలుగో శిఖరం రాలేదు, అక్కడ గుంత వచ్చింది. టీ వాడే తాగించాడు, అదీ ఇష్టం లేకుండా. ఎందుకంటే తన బిళ్ళ ఆ రోజుకు దారి తప్పిందని వాడి నమ్మకం. ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు. షేర్లు కొంటున్నాడో లేదో అడగాలంటే భయం.

ఎందుకొస్తాయి ఆ అలలు? నిన్నటి లెక్కలో ఉన్న పదిలో తొమ్మిది ఇవాళ్టి లెక్కలోనూ ఉన్నాయి కాబట్టి. పాతది కాస్త కాస్తగా మిగిలి ఉండే చోటల్లా అల పుడుతుంది. చెరువులో నీళ్లు, గాదెలో గింజ, చెట్టులో సత్తువ.

చెట్టంటే మామిడి గుర్తొచ్చింది. బంగినపల్లి ఒక ఏడు విరగ్గాస్తుంది, మరుసటేడు మొహం చాటేస్తుంది. ఎందుకు? నిండా కాసిన కొమ్మకు కాయ దింపేసరికి సత్తువ ఉండదు, వేళకు కొత్త చిగురు వేసి ముదరదు, ముదరని చిగురుకు పూత రాదు. ఇక్కడ చక్రాన్ని తిప్పేది చెట్టు లోపలే ఉంది. నీలం అట్లా కాదు, ఏటా ఎంతో కొంత కాస్తుంది. అందుకే దసేరీకి నీలంతో సంకరం చేసి ఆమ్రపాలి పుట్టించారు. తిప్పేదేదో తెలిస్తే చేతులు పెట్టవచ్చు. తోతాపురి సంగతి కాస్త వేరు, దాన్ని తిప్పేది ఫ్యాక్టరీ చక్రం. 2025లో చూశారుగా, అంతకు ముందటేడు గుజ్జు అమ్ముడుపోక డ్రమ్ముల్లో ఉండగానే కొత్త కాపు దిగింది. ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి ట్రాక్టర్ల వరసలు. ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తన వంతుగా వేయాల్సి వచ్చింది. డ్రమ్ములో మిగిలిన గుజ్జు కూడా స్లుట్‌స్కీ లెక్కలో పాత అంకె లాంటిదే.

తట్టు కూడా ఇంతే. టీకా లేని రోజుల్లో లండన్‌లో రెండేళ్లకొకసారి పెద్దగా వచ్చేది. ఒకసారి వచ్చిపోతే, అది సోకని పిల్లలు మళ్లీ తగినంత మంది పోగయ్యేదాకా ఆగేది. హేమర్ అనే డాక్టరు 1906లో ఈ లెక్క చెప్పాడు. మన ఇళ్లలో గుమ్మానికి వేపమండలు కట్టి ఊరుకునేవాళ్లం.

ఇప్పుడు మా వాడి టమోటా. 1928లో జర్మనీలో హనావు అనే ఆయన పందుల ధరల గురించి రాశాడు. పంది మాంసం ధర పెరిగితే అందరూ పందుల్ని పెంచుతారు. అవి పెరిగేసరికి టైం పడుతుంది. అన్నీ ఒకేసారి సంతకొస్తాయి, ధర పడుతుంది. అందరూ మానేస్తారు, మళ్లీ ధర పెరుగుతుంది. ధరనూ సరుకునూ గీత గీస్తే సాలెగూడులా చుట్లు వస్తాయి కాబట్టి అర్థశాస్త్రం వాళ్లు దానికి సాలెగూడు సిద్ధాంతమని పేరు పెట్టారు. పంది తీసేసి టమోటా పెట్టండి. నారు మడిలో 25 రోజులు, నాటినాక మొదటి కోతకు రెండు నెలల పైన. ఆ మూడు నెలల ఆలస్యమే దీన్ని తిప్పేది. రైతు చూసేది ఇవాళ్టి రేటు, అమ్మేది మూడు నెలల తర్వాతి రేటుకు. మా వాడికి నర్సరీలో నారు లేదన్నారు చూడండి, వాడు దాన్ని దురదృష్టం అనుకున్నాడు. నిజానికి వాడికి అందిన అన్ని కబుర్లలో పనికొచ్చేది అదొక్కటే! నారు లేదంటే, వాడికంటే ముందు వెయ్యి మంది నాటేశారని.

అందుకే వాడికి చెప్పాను. ఆ రేటు ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. మార్కెట్లో వేలం బోర్డు చూడ్డం మానేసి నర్సరీలో ఎన్ని ట్రేలు బుక్ అయ్యాయో కనుక్కో. ట్రేలు మిగిలిపోతున్నప్పుడు నాటు, దొరకనప్పుడు ఇంకేదన్నా వెయ్యి.

ఇదుగో, వెనక నుంచి ఒకాయన చెయ్యెత్తుతున్నారు. ఆగండి, మీరేం అడుగుతారో తెలుసు. అందరూ నర్సరీ లెక్కే చూడ్డం మొదలుపెడితే? అవునండీ, అక్కడే ఉంది చిక్కు. మీరు రోజూ దుర్భిణి పెట్టి చూస్తున్నారని సూర్యుడికి తెలియదు. చూసినా చూడకపోయినా పదకొండేళ్లు పదకొండేళ్లే. టమోటా అట్లా కాదు, అందులో చూసేవాళ్లూ తిప్పేవాళ్లూ ఒకరే. చూసే తీరు మారితే తిరిగే తీరు మారుతుంది. బొమ్మల అంగడి ఆయన చేసిన పొరపాటూ ఇక్కడే, మనుషులు తిప్పే చక్రం కూడా చంద్రుడిలాగే తిరుగుతుందనుకున్నాడు.

మా వాడు నా మాట విన్నాడు, అదీ సగమే. మొన్నొక సీజన్లో నర్సరీ ఆయన "అంతా బుక్ అయిపోయింది" అన్నాడని, ఎకరంన్నరలో అర ఎకరమే టమోటా నాటి, మిగతాది బీన్స్ వేశాడు. తీరా చూస్తే నర్సరీ ఆయన చెప్పింది అబద్ధం, ధర పెంచడానికి. బీన్స్ పర్లేదు, ఖర్చులు పోను నాలుగు రాళ్లు మిగిలాయి. టమోటా ఆ రెండు నెలలూ బాగా పలికింది. ఫోన్ చేసి, "మామా, నీ లెక్క బానే ఉండాది, నర్సరీవోడిదే లెక్క తేడా" అన్నాడు. ఇప్పుడు ఒక నర్సరీ కాకుండా మూడు నర్సరీల్లో అడుగుతున్నాడట, అదీ తను కొననని ముందే చెప్పి.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే తాగుతూ మాట్లాడుకుందాం.